పోటు తరువాతి బ్రతుకు



తెలుగులో ‘పోటు’ అనే మాట ‘పొడుచు’ అనే క్రియ నుండి పుట్టింది. కత్తిపోటు, వెన్నుపోటు, తలపోటు – అన్నింటిలోనూ ఉన్నది అదే. తీరప్రాంతాలవారు సముద్రం పొంగి ఒడ్డుకు రావడాన్ని ‘పోటు’ అనీ, వెనుకకు తీయడాన్ని ‘పాటు’ అనీ అంటారు. గుండె విషయంలో మాత్రం మనం పోటు దగ్గరే ఆగిపోయాం. ‘గుండెపోటు’ అన్న సమాసం ఒక్క ఘడియను చెబుతుంది. ఆ ఘడియ దాటి బయటపడ్డ మనిషి పదేళ్లో ఇరవయ్యేళ్లో ఆ గుండెతోనే కాపురం చేయాలి. మందులు, పథ్యం, భయం, ఇంటివారి బెంగ, మెట్లెక్కబోతే కలిగే సందేహం – ఇన్నింటితో కూడిన ఆ సుదీర్ఘకాలానికి వాడుకలో ఒక పేరంటూ లేదు. పేరు లేకపోయినా దానికొక చరిత్ర ఉంది. ఎనిమిదేళ్లుగా ఆ కాపురంలో ఉన్నవాడిని గనుక ఆ చరిత్రను ఆసక్తితో చదువుకున్నాను. అందులో గ్రహించినది నలుగురితో పంచుకోవాలని ఈ వ్యాసం.

మన పూర్వులకు హృద్రోగం తెలియనిది కాదు. చరకుడు హృద్రోగాలను ఐదు విధాలుగా విభజించాడు. శరీరంలోని మర్మస్థానాలలో ప్రధానమైనవి మూడని చెప్పి, శిరస్సు, వస్తి అనేవాటి సరసన హృదయాన్ని నిలిపాడు. సూత్రస్థానం ముప్పయ్యవ అధ్యాయంలో హృదయరక్షణ గురించి చెబుతూ, మనసుకు దుఃఖం కలిగించే హేతువులను ప్రయత్నపూర్వకంగా విడిచిపెట్టాలని ఉపదేశించాడు. గుండెను కాపాడుకోవడమంటే మనసును కూడా కాపాడుకోవడమేనన్న ఈ ఆలోచనను పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దీనికి అవసరం వస్తుంది.

ఇప్పుడు మనం చెప్పుకొనే గుండెనొప్పి లక్షణాలను ఆధునిక వైద్యంలో స్పష్టంగా వర్ణించినవాడు విలియం హెబర్డెన్. 1768 జులై 21న లండన్‌లోని రాజవైద్యుల కళాశాలలో ఆయన ఒక పత్రం చదివాడు. నడుస్తూండగా, అందులోనూ ఎత్తెక్కుతూండగా, భోజనం చేసిన వెంటనే నడిచినప్పుడు మరీ ముఖ్యంగా, రొమ్ములో బిగబట్టినట్లు బాధ పుట్టి, ఆగి నిలబడగానే మాయమయ్యే జబ్బు అది. దానికి ‘అంజైనా పెక్టోరిస్’ అని పేరు పెట్టాడు. ఆ పత్రం 1772లో అచ్చయింది. చికిత్స విషయంలో మాత్రం ఆయన దగ్గర చెప్పదగినది పెద్దగా లేదు. విశ్రాంతి, వెచ్చదనం, నల్లమందు – అంతే. అయితే ఆయన మరణానంతరం 1802లో వెలువడిన గ్రంథంలో ఒక చిన్న ముక్క ఉంది. రోజూ అరగంటసేపు రంపంతో కట్టెలు కోయడం నియమంగా పెట్టుకున్న రోగి ఒకడు దాదాపు స్వస్థుడయ్యాడట. ఈ వాక్యం విలువ వైద్యలోకానికి తెలిసి రావడానికి మరో నూట యాభై ఏళ్లు పట్టింది.

హెబర్డెన్ పత్రం అచ్చయిన సంవత్సరమే మరొక విశేషం జరిగింది. ఆ పత్రసారాంశాన్ని ఒక పత్రికలో చదివిన పాఠకుడొకడు, పేరు చెప్పకుండా ఆయనకు ఉత్తరం వ్రాశాడు. వయసు యాభై దాటింది. మీరు వర్ణించిన బాధ నాదే అంటూ, తాను అనుభవిస్తున్నదంతా పూసగుచ్చినట్లు తెలిపాడు. తాను అకస్మాత్తుగా మరణిస్తే తన దేహాన్ని పరీక్షించి చూడవచ్చునని, అది ఇతరులకు ఉపకరించవచ్చునని కూడా వ్రాశాడు. మూడు వారాలు గడవకముందే అతడు మరణించాడు. జాన్ హంటర్ అనే ప్రఖ్యాత శస్త్రవైద్యుడు ఆ దేహాన్ని పరీక్షించాడు గాని, గుండెకు రక్తమందించే ధమనుల వైపు అప్పటికి ఎవరి దృష్టీ పోలేదు, కారణం దొరకలేదు. దొరకకపోయినా ఆ ఉత్తరం గొప్పదే. నాలాంటివాడు మరొకడు ఉన్నాడని తెలియగానే ఒక రోగి నోరు విప్పాడు. తన బాధ పరులకు పనికిరావాలని కోరుకున్నాడు. నా దృష్టిలో ఈ చరిత్రకు నాంది ఆ అజ్ఞాత లేఖకుడే.

విధి విచిత్రమైనది. ఆ మరుసటి ఏడాదే, 1773లో, హంటర్‌కే గుండెనొప్పి మొదలైంది. అటుపైన ఆయన ఇరవయ్యేళ్లు జీవించాడు. మంచం పట్టి కాదు. పాఠాలు చెప్పాడు, శస్త్రచికిత్సలు చేశాడు, వేల వస్తువులతో ఒక ప్రదర్శనశాలను కూర్చాడు. తనను రెచ్చగొట్టదలచిన ఏ దుర్మార్గుడి చేతిలోనైనా తన ప్రాణం ఉందని ఆయన అంటూండేవాడని చెబుతారు. 1793 అక్టోబరు 16న సెంట్ జార్జ్ ఆసుపత్రి సమావేశంలో వాగ్వాదం జరిగింది. ఆయన కోపంతో బయటికి నడిచి, అక్కడే ప్రాణం విడిచాడు. చరకుడి ఉపదేశం ఆయనకు అందలేదు గాని, ఆయన జీవితం దానికి వ్యాఖ్యానంగా నిలిచింది.

పంతొమ్మిదో శతాబ్దంలో మందు దొరికింది. 1879లో విలియం మరెల్ అనే వైద్యుడు నైట్రోగ్లిజరిన్ అంజైనాను ఉపశమింపజేస్తుందని ప్రకటించాడు. పేలుడు పదార్థంగా పేరుమోసిన ద్రవమే అతిస్వల్ప మోతాదులో రక్తనాళాలను సడలిస్తుంది. దాన్ని డైనమైటుగా మార్చి కోట్లు గడించిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కే 1896లో వైద్యులు ఆ మందు వ్రాసిచ్చారు. ఈ విడ్డూరాన్ని ఆయనే ఒక మిత్రుడికి ఉత్తరంలో చెప్పుకొని నవ్వుకున్నాడు. ఈనాటికీ మనం జేబులో పెట్టుకొని తిరిగే, నాలుక క్రింద ఉంచుకొనే మాత్రలు ఆ వంశానివే.

1912లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ మరొక కీలకమైన సంగతి చెప్పాడు. గుండెధమని ఉన్నట్టుండి మూసుకుపోతే మరణం తప్పదని అంతవరకూ భావించేవారు. తప్పనిసరి కాదు, బ్రతికేవారున్నారు, వారిని గుర్తించి కాపాడవచ్చునని ఆయన నిరూపించాడు. పోటు తరువాత బ్రతుకుందని శాస్త్రం అంగీకరించింది అప్పుడే. కాని ఆ బ్రతుకును ఎలా గడపాలి? దెబ్బతిన్న కండరం మచ్చకట్టి గట్టిపడడానికి వారాలు పడుతుంది. ఈలోగా కదిలితే గుండె చిట్లిపోతుందని భయం. అందుచేత రోగిని ఆరువారాలు, కొన్నిచోట్ల అంతకుమించి, వెల్లకిలా పడుకోబెట్టేవారు. అన్నం నర్సు తినిపించాలి. ప్రక్కకు ఒత్తిగిలడానికైనా సాయం కావాలి. ఇంటికి వచ్చాక నెలల తరబడి మెట్లెక్కరాదు. ఉద్యోగం సంగతి మరచిపోవలసిందే. దీనివల్ల కాళ్ల నరాలలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరేది. పడక పుండ్లు పడేవి. అన్నింటికన్నా మిన్నగా, తానిక మనిషిని కానన్న నిరాశ గుండెకన్నా ముందుగా మనసును కూల్చేది.

ఈ మంచాన్ని ప్రశ్నించినవాడు బోస్టన్ నగరంలోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రి వైద్యుడు శామ్యూల్ లెవైన్. కాళ్లు క్రిందికి వ్రేలాడేటట్లు కూర్చుంటే గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గి, దాని బరువు తేలికపడుతుందని ఆయన తర్కం. శిష్యుడు బెర్నార్డ్ లౌన్‌తో కలిసి 81 మంది రోగులను, మొదటి రోజులలోనే, పడకకుర్చీలో కూర్చోబెట్టాడు. ఆసుపత్రిలో తీవ్రమైన వ్యతిరేకత వచ్చింది. ఇది హత్య అన్నంత మాట అన్నవారున్నారు. రోగులు మాత్రం చావలేదు సరికదా, ముఖాలలో కళ వచ్చింది. ఇంటికెప్పుడు వెళ్దామని అడగసాగారు. ఆ ఫలితాలు 1952లో వెలువడ్డాయి. మంచానికీ కుర్చీకీ మధ్య దూరం రెండడుగులే. ఆ రెండడుగులకు వైద్యశాస్త్రానికి నలభై ఏళ్లు పట్టింది.

ఇంచుమించు ఆ సమయానికే, అదే ఆసుపత్రిలో మరొకటి జరిగింది. అక్కడి శస్త్రవైద్యుడు డ్వైట్ హార్కెన్ రెండో ప్రపంచయుద్ధంలో సైనికుల గుండెల నుండీ, వాటి పరిసరాల నుండీ తూటాలు, లోహపు ముక్కలు తీసి ప్రసిద్ధుడైనవాడు. యుద్ధానంతరం, కీళ్లవాత జ్వరం వల్ల ఇరుకైపోయిన గుండె కవాటాలను విప్పడం మొదలుపెట్టాడు. 1951లో ఆయన దగ్గర శస్త్రచికిత్స పొందిన నలుగురు రోగులు ఒకచోట చేరి ‘మెండెడ్ హార్ట్స్’, అంటే ‘బాగుచేసిన గుండెలు’ అని సంఘం పెట్టుకున్నారు. వారి పని ఒక్కటే. మరునాడు కత్తి క్రిందికి వెళ్లబోయే రోగి ప్రక్కన వెళ్లి కూర్చోవడం. ‘నేనూ ఈ మంచం మీదే పడుకున్నాను, చూడు, ఇప్పుడు నడిచి వచ్చాను’ అన్నట్లు కనిపించడం. శస్త్రవైద్యుడు వంద మాటలలో ఇవ్వలేని ధైర్యం ఆ రాకలో ఉంది. ఆ నలుగురితో మొదలైనది అమెరికా అంతటా శాఖలున్న సంఘమై నేటికీ నడుస్తున్నది.

కుర్చీలో కూర్చున్నవాడు లేచి నడవవచ్చునా? దానికి సమాధానం లండన్ బస్సులలో దొరికింది. జెర్రీ మోరిస్ అనే పరిశోధకుడు రవాణాసంస్థలోని సుమారు 31 వేల మంది పురుషులను పరిశీలించాడు. రెండంతస్తుల బస్సులో డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ, వచ్చినా ఆలస్యంగా వస్తున్నది, వచ్చినవారిలో మరణాలూ తక్కువ. 1953లో ఈ సంగతి ప్రకటితమైంది. డ్రైవర్లు మొదటినుంచే లావుగా ఉండేవారేమోనన్న సందేహం తీర్చుకోవడానికి ఆయన తరువాత యూనిఫారాల నడుము కొలతలు కూడా పరిశీలించాడు. ఏ వయసులో చూసినా డ్రైవర్ల నడుము కొలత ఎక్కువే. కాని సన్నని డ్రైవర్లలోనూ ప్రమాదం ఎక్కువగానే ఉన్నది. మోరిస్ స్వయంగా వ్యాయామం మానకుండా 99 ఏళ్లు జీవించి 2009లో మరణించాడు.

ఇక లోకానికంతటికీ పాఠం చెప్పిన రోగి అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్. 1955 సెప్టెంబరు 24 తెల్లవారుజామున డెన్వర్ నగరంలో ఆయనకు గుండెపోటు వచ్చింది. ఆ తరువాతి సోమవారం షేర్ బజారు కుప్పకూలింది. పాల్ డడ్లీ వైట్ అనే హృద్రోగ నిపుణుడు పత్రికలవారిని పిలిచి, గుండెపోటు అంటే ఏమిటో దేశానికంతటికీ బడిపిల్లలకు చెప్పినట్లు విప్పి చెప్పాడు. అంతవరకూ గుసగుసగా చెప్పుకొనే జబ్బు పేరు పత్రికల మొదటి పుటకు ఎక్కింది. పోటు వచ్చినవాడు మళ్ళీ పనిలోకి వెళ్లవచ్చునని, వెళ్లడమే మేలని వైట్ నమ్మకం. ఐసెన్‌హోవర్ 1956లో తిరిగి ఎన్నికై, 1961 జనవరి వరకు పదవిలో ఉండి, ఆ తరువాత మరికొన్ని పోట్లు తట్టుకొని 1969లో మరణించాడు.

1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హృద్రోగుల పునరావాసం మీద నివేదిక వెలువరించింది. రోగిని బ్రతికించి పంపితే చాలదు, సమాజంలో అతని చోటు అతనికి తిరిగి దక్కాలన్నది దాని సారాంశం. మరుసటి ఏడు జర్మనీలోని షోర్న్‌డోర్ఫ్ పట్టణంలో హృద్రోగులు వైద్యుని పర్యవేక్షణలో వారానికోసారి కలిసి వ్యాయామం చేసే బృందం మొదలైంది. ఇప్పుడు ఆ దేశంలో అలాంటివి వేల సంఖ్యలో ఉన్నాయి. 1999లో అమెరికాలో గుండెపోటు వచ్చిన ముగ్గురు స్త్రీలు తమవంటి స్త్రీల కోసమే ఒక సంస్థ స్థాపించారు. గుండెజబ్బు మగవారిదేనన్న భ్రమ వల్ల ఆడవారి బాధను ఆయాసమనో గాబరా అనో కొట్టిపారేయడం ఎంత ప్రమాదమో లోకానికి చెప్పారు. మన ఇళ్లలో గ్యాసు నొప్పి అని సర్దుకుపోయే తల్లులకు ఆ హెచ్చరిక ఈనాటికీ వర్తిస్తుంది.

ఈ తోడు వల్ల నిజంగా ఆయుర్దాయం పెరుగుతుందా? దీనికి శాస్త్రం ఇచ్చిన జవాబు నిజాయితీగా చెప్పుకోవాలి. 1992లో అమెరికాలోని న్యూహేవెన్ పట్టణంలో గుండెపోటు వచ్చిన 194 మంది వృద్ధులను పరిశీలించారు. మనసు విప్పి చెప్పుకోవడానికి ఒక్కరు కూడా లేనివారికి ఆరునెలల లోపు మరణించే ప్రమాదం సుమారు మూడింతలని తేలింది. అయితే 2003లో, దిగులుతోనో ఒంటరితనంతోనో ఉన్న 2,481 మంది రోగులలో కొందరికి ప్రత్యేకంగా మానసిక చికిత్స ఇచ్చి చూస్తే, దిగులు తగ్గింది, తోడున్న భావన పెరిగింది గాని మరణాలు తగ్గలేదు. క్రమబద్ధమైన వ్యాయామం సంగతి వేరు. 85 పరిశోధనలను, 23 వేలకు పైబడిన రోగులను కలిపి 2021లో కాక్రేన్ సంస్థ సమీక్షించగా, హృద్రోగ మరణాలు, మళ్ళీ వచ్చే పోట్లు, ఆసుపత్రి చేరికలు తగ్గుతున్నాయని తేలింది. కాబట్టి నడక ఆయువుకు, తోడు ఆ ఆయువును ఆయువుగా అనుభవించడానికి అని నేను సమన్వయం చేసుకున్నాను. తోడుంటే నడక సాగుతుంది, మాత్ర మరపురాదు – ఇది నా అనుభవం.

ఇదంతా పరదేశాల కథ అనుకోనక్కరలేదు. మన ఉభయ గోదావరి జిల్లాలలో 45 గ్రామాలలో, లక్షా ఎనభై వేల మంది జనాభాలో, ఒక ఏడాది కాలంలో సంభవించిన మరణాలకు కారణాలను ఇంటింటికీ వెళ్లి సేకరించారు. ఆ ఫలితాలు 2006లో వెలువడ్డాయి. గుండె, రక్తనాళాల జబ్బులదే ప్రథమస్థానం – నూటికి 32. పల్లెటూరివాడికి గుండెజబ్బు రాదన్న నమ్మకం ఆ లెక్కతో చెదిరిపోయింది. చికిత్సా దగ్గరికి వచ్చింది. 1975లో కె.ఎం. చెరియన్ మద్రాసులో దేశంలో తొలి బైపాస్ చేసినప్పుడు అది అబ్బురం. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సులు, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, కూలిపని చేసుకొనేవాడు కూడా శస్త్రచికిత్స గది గడప తొక్కగలిగాడు. దేశవ్యాప్తంగా 24 కేంద్రాలలో 3,959 మంది గుండెపోటు రోగులపై, యోగాతో కూడిన పునరావాస శిక్షణ మీద పరిశోధన జరిగింది. 2020లో ప్రచురితమైన దాని ఫలితాల ప్రకారం, మరణాలలో చెప్పుకోదగిన తేడా తేలలేదు. కాని శిక్షణ పొందినవారు తమ పూర్వపు పనులలోకి మరింత బాగా తిరిగి వెళ్లగలిగారు. ఖరీదైన యంత్రాలు లేకుండా సాధ్యమయ్యే మార్గం ఒకటి మన నేలమీదే ఉందని దీనివల్ల తెలుస్తున్నది.

గడప లోపలి చికిత్స ఇంత ఎదిగింది. గడప బయట మాత్రం 1912 నాటి మంచం ఇంకా మన ఇళ్లలో వేసే ఉంది. నాతో పాటు పనిచేసిన డ్రిల్లు మాస్టారికి గుండెపోటు వచ్చి, స్టెంటు వేసి ఇంటికి పంపారు. ఆసుపత్రివారు మందుల చీటీ ఇచ్చారు. ఎంత నడవాలో, ఏ బరువు ఎత్తవచ్చునో విడమరచి చెప్పే తీరిక వారికి లేకపోయింది. ఇక ఇంటివారి ప్రేమ పని మొదలుపెట్టింది. చెంబుడు నీళ్లు ముంచుకోనివ్వరు. వీధి మలుపు దాటనివ్వరు. ముప్పయ్యేళ్లు ఈలవేసి ఊరి పిల్లలందరినీ పరుగులెత్తించిన మనిషి రెండేళ్లు అరుగు మీద కూర్చుండిపోయాడు. నేను చూడబోతే, “నాకేమిటి మాస్టారూ, గాజుబొమ్మనైపోయాను” అన్నాడు. ఆ మాటలో గుండెజబ్బు లేదు, అవమానం ఉంది.

నేను నా రొమ్ము మీది కుట్ల మచ్చ చూపించాను. రోజూ ఎంత నడుస్తానో చెప్పాను. తరువాత ఆయనను, ఆయన భార్యను, పెద్దబ్బాయిని కూడా వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాం. పరీక్షలు చేసి, నడవవచ్చునని ఆయన ముగ్గురి ఎదుటా చెప్పారు. అలా ముగ్గురూ వినడమే ముఖ్యమైంది. భయం రోగి ఒక్కడిదే కాదు గదా! మొదటి వారం రామాలయం దాకా. నెల తిరిగేసరికి చెరువుగట్టు దాకా. ఇప్పుడు మేము ఐదుగురం. ఒకరు రాకపోతే మిగిలినవారు వారి ఇంటికి వెళ్లి తలుపు తడతాం. మందుల ధర దగ్గర నుంచి మనవల చదువు దాకా అన్నీ మాట్లాడుకుంటాం. మా సంఘానికి పేరు లేదు, చందా లేదు. డ్రిల్లు మాస్టారు ఈల తెస్తానంటే, వద్దని మేమే బ్రతిమాలుకున్నాం.

మీ ఇంట్లోనో పొరుగునో ఇలాంటివారు ఉంటే నాలుగు మాటలు మనవి. ఎంత నడవాలన్నది వైద్యుడు చెప్పాలి, మనం కాదు. నడుస్తూండగా రొమ్ములో బిగువు అనిపిస్తే ఆగి కూర్చోవాలి, నాలుక క్రింది మాత్ర పెట్టుకోవాలి. కొద్ది నిమిషాలలో తగ్గకపోతే మొహమాటపడక 108కి ఫోను చేయాలి. స్టెంటు వేసుకున్నవారు బాగానే ఉన్నాం గదా అని రక్తం గడ్డకట్టనివ్వని మాత్రలను సొంతంగా మానరాదు. చుట్ట, బీడీ, సిగరెట్టు – వీటితో రాజీ లేదు. నిద్రపట్టకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం, ఊరకే ఏడుపు రావడం కూడా వైద్యునికి చెప్పవలసిన లక్షణాలే. అవి పిరికితనం కావు.

వైద్యులు చేయగలిగినది వారు చేశారు, చేస్తున్నారు. ఆ అజ్ఞాత లేఖకుడు, బోస్టన్‌లోని ఆ నలుగురు చేసిన పనికి మాత్రం పట్టా అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. అదే జబ్బుతో బ్రతుకుతున్న మరొకడు సాయంత్రంపూట వచ్చి ప్రక్కన కూర్చుంటే చాలు. ఈ వారం మీకు వీలైతే, అరుగు మీద కూర్చుండిపోయిన ఒకరిని వెళ్లి పలకరించి రండి.

సెలవు.